చిట్టా యొక్కటియే చాలునా?

ఇంటి లెక్కలు వ్రాసికొను గృహిణికి రెండు పుస్తకము లవసరము. ఏనాటి వ్యయము నానాటి క్రింద వ్రాయునది చిట్టా. బియ్యమున కింత, పాల కింత, బడి జీతముల కింత యని పద్దుల వారిగ తీర్చి వ్రాయునది ఆవర్జా. చిట్టా లేనిచో నేడేమి జరిగెనో తెలియదు. ఆవర్జా లేనిచో ఏడాదిలో పాల కెంత యైనదో తెలియదు. చిట్టా వ్రాసినంతనే లెక్క తేలినదని తలచు వర్తకు డెవడును లేడు. కాని తమ తలపులను, వంటకములను, యాత్రా విశేషములను ఇంటర్నెట్టులో బ్లాగు రూపమున వ్రాయుచున్న మన సోదరీమణులలో పలువురు చిట్టాతోనే తృప్తి నొందుచున్నారు. అట్టివారి కొఱకే యీ మాసపు మాటలు.

బ్లాగు అను మాట పుట్టి యెంతో కాలము కాలేదు. 1997లో జోర్న్ బార్గర్ అను నమెరికా దేశీయుడు తాను ఇంటర్నెట్టులో చూచిన విశేషములను వరుసగ పేర్కొనుచు, ఆ పద్ధతికి ‘వెబ్‌లాగ్’ అని పేరిడెను. 1999లో పీటర్ మెర్హోల్జ్ ఆ మాటను వేడుకకు విఱిచి, అందు ‘బ్లాగ్’ అను మాటను పుట్టించెను. లాగ్ అనగా నావికులు ప్రయాణములో దినదినము వ్రాసికొను పుస్తకము. కావున తేదీల వరుస దాని పేరులోనే యున్నది. ఆ 1999లోనే బ్లాగర్ అను సాధనము వెలువడెను. 2003లో దానిని గూగుల్ సంస్థ కొనెను. ఆ సంవత్సరముననే వర్డ్‌ప్రెస్ పుట్టెను. వీనివలన అచ్చుయంత్రముగాని, సంపాదకుని యనుమతిగాని లేకయే యెవరైనను తమ వ్రాతను లోకము ముందుంచుట సాధ్యమైనది.

బ్లాగులోని ఒక్కొక్క వ్రాతకు తెలుగువారు ‘టపా’ యని చక్కని పేరు పెట్టుకొనిరి. పేరునకు తగినట్లే యున్నది దాని గతియు. టపాలో ఉత్తరము వచ్చిన దినమున ఇల్లంతయు దానిని చదువును. మఱునాడు అది గోడనున్న యినుప తీగెకు గ్రుచ్చబడును. దానిపై మఱియొకటి, ఆపై వేఱొకటి చేరును. నిన్నటి యుత్తరము పైననే యుండును; పెండ్లినాటి యుత్తరము అడుగుననుండును. అడుగున నున్నది కావలసినచో పై వాని నన్నిటిని ఊడదీయవలెను. బ్లాగులోని టపాల యమరికయు సరిగా నిట్టిదే.

ఒక సోదరి పండ్రెండేండ్లుగా నెలకు రెండేసి టపాలు వ్రాయుచున్న దనుకొందము. మొత్తము 288 టపాలైనవి. పుట కేడేసి టపాలు కనబడునట్లు అమర్చుకొన్నచో ఆమె మొదటి టపా నలువదిరెండవ పుటలో నుండును. అనగా దానిని చూడగోరువారు ‘పాత టపాలు’ అను మాటను నలుబది యొక్క మాఱులు నొక్కవలెను. అంత యోపిక యెవరికుండును? ఆ టపాలో ఆమె అమ్మమ్మ చెప్పిన మాగాయ కొలతలే యుండవచ్చును. ఆ కొలతలు కాలముతో పాతబడవు. టపా మాత్రము పాతబడినది.

ఇంకొక సంగతి. 2000ల దశకపు ఉత్తరార్ధమున కూడలి, జల్లెడ వంటి తావులు తెలుగు బ్లాగులలో క్రొత్తగ వచ్చిన టపాలను ఒకచోట చేర్చి చూపుచుండెను. వానివలన మన భాషకు జరిగిన మేలు తక్కువది కాదు. కాని వాని పని క్రొత్తవానిని చూపుట. పాతవానిని కాపాడుట కాదు. నేటి చదువరియో, ఎక్కువగా గూగుల్ వంటి వెదకు యంత్రముల ద్వారమున వచ్చును. ‘గోంగూర నిలువ పచ్చడి’ యని వెదకి, తిన్నగా ఆ టపా నడుమ దిగును. ఆమె మీ వీధి వాకిటినుండి రాలేదు. పెరటి గోడ దూకి వంటయింట పడినది! తన పని కాగానే వచ్చిన దారినే పోవును. ఆ యింటిలో మఱి యేమేమి గదులున్నవో చెప్పునది యేదియు అచ్చట లేనిచో, ఆమెను తప్పుపట్టుట యెట్లు?

ఇది చిన్న విషయమని కొందఱు తలంపవచ్చును. మే మట్లు తలంపము. మన స్త్రీల విద్యలో పెద్ద భాగము కాగితమున కెక్కనే లేదు. పథ్యపు వంటలు, బాలెంత పాలన, ముగ్గుల లెక్కలు, పెండ్లిపాటలు, ఊరూరి నుడికారములు నోటినుండి నోటికి వచ్చి, ఏ తరముననో ఒకచోట తెగిపోవుచున్నవి. 1902లో ‘హిందూసుందరి’ వెలువడిన నాటినుండి స్త్రీల పత్రికలు కొంత భాగమును నిలిపినవి. అచ్చటను, సంపుటమునకు విషయసూచిక లేనిచో, ఒక రచయిత్రి వ్యాసము కావలసినవారు సంచికల నన్నిటిని త్రిప్పవలసినదే. నేడు స్త్రీ తన పేరుతో, తన యిష్టమున, పుటల మితి లేక వ్రాయగల తావు లభించినది. అందు వ్రాసినదానిని గూడ తేదీల క్రింద పూడ్చి పెట్టుకొందుమా? వెదకినవారికి దొరకని వ్రాతకును వ్రాయని వ్రాతకును భేద మల్పము.

దీనికి విరుగుడు కఠినమైనది కాదు. వర్డ్‌ప్రెస్‌లో 2005నుండియు, బ్లాగర్‌లో 2010నుండియు టపాలే కాక ‘పేజీలు’ అను వేఱొక విధమైన వ్రాతకును తావు కలదు. వానిని మేము నిలుకడ పుటలని పిలిచెదము. టపాకు తేదీ ప్రధానము. నిలుకడ పుటకు విషయము ప్రధానము. క్రొత్త టపా రాగానే పాత టపా క్రిందికి దిగును. నిలుకడ పుట యీ వరుసలో చేరదు గనుక దిగుట యనునది దానికి లేదు. క్రొత్త టపా వచ్చినదని చందాదారులకు తెలుపు ఫీడులో అది చేరదు. కావున ఆ పుటను మీరు పదిమాఱులు దిద్దినను ఎవరికిని విసుగు కలుగదు. అయితే ఒక మెలిక యున్నది. వరుసలో లేదు గనుక, దారి చూపనిచో అది యెవరి కంటను పడదు. పుట చేయుట సగము పని. దానికి దారి వేయుట తక్కిన సగము.

“మేము టపాలకు లేబుళ్లు తగిలించుచున్నాముగదా, ఇంక పుటలేల?” యని అడుగువారుందురు. లేబుళ్లు మంచివే, మానవలదు. కాని లేబులు ఏరజాలదు, వరుస తీర్చజాలదు. దానిని నొక్కినచో ఆ పేరుగల టపాలన్నియు, క్రొత్తది ముందుగా, పాతది వెనుకగా వచ్చును. కాశీయాత్రను ఎనిమిది భాగములుగ వ్రాసిన సోదరి లేబులును నమ్ముకొన్నచో, చదువరి మొదట తిరుగు ప్రయాణమును చదివి, పిదప గంగాస్నానము చేసి, కట్టకడపట ఇంట మూటలు కట్టుకొనును! ఒక నిలుకడ పుటలో ‘మా కాశీయాత్ర’ యని పేరు పెట్టి, ఎనిమిది భాగములకు ఎనిమిది లింకులు వరుసగ నిచ్చి, ఒక్కొక్కదాని క్రింద ఒక వాక్యము వ్రాసినచో ఆ చిక్కు తీరును.

ఏది టపా కావలెను, ఏది పుట కావలెను? దీనికి మేము రెండు ప్రశ్నలు సూచించెదము. ఈ వ్రాతనుండి తేదీని తీసివేసినను దాని విలువ నిలుచునా? దీనిని ముందు ముందు దిద్దుచు, చేర్చుచు నుండవలసి వచ్చునా? రెండింటికిని ఔనను నుత్తరమే వచ్చినచో అది పుట కావలసినదే. నిన్నటి పెండ్లి విందు ముచ్చట టపా. ఊరగాయల కొలతల పట్టిక పుట. పిల్లవాని జ్వరమును గూర్చిన తల్లి యావేదన టపా. మీ యూరి మాటలకు అర్థములు చేర్చుకొనుచు పోవు చిన్న నిఘంటువు పుట. ప్రతిదానిని పుట చేయుట గూడ తగదు. దినదినపు ముచ్చటలోని తాజాదనము టపాకే చెల్లును.

మొదట రెండు పుటలు చాలును. ఒకటి పరిచయము. గోడ దూకి వచ్చిన యతిథికి ఈ యిల్లెవరిదో తెలియవలెనుగదా. ఏయే విషయములను వ్రాయుదురో, ఎప్పటినుండి వ్రాయుచున్నారో, ఎందులకు వ్రాయుచున్నారో పది వాక్యములలో చెప్పుడు. ఇచ్చట నొక హెచ్చరిక. ఇంటి చిరునామా, ఫోను నంబరు, పిల్లల బడి పేరు, పుట్టిన తేదీలు ఈ పుటలో ఉంచరాదు. అది బంధువుల కిచ్చు చీటి కాదు. నడివీధిలో కట్టిన పలక. చదువరులు మీకు వ్రాయవలెనన్నచో బ్లాగర్‌లో అందులకు ఒక ఫారము గాడ్జెట్టుగ లభించును. మీ మెయిలు చిరునామాను బయట పెట్టకయే జాబు లందుకొనవచ్చును.

రెండవది విషయసూచిక. ఇదియే మీ యావర్జా. దీనిని యంత్రముచేత గాక మీ చేతితో కూర్చుడు. మీ టపాలన్నిటిని అందు చేర్చనక్కఱలేదు. క్రొత్తవా రొకరు వచ్చి, “మీ వ్రాతలలో ఏవి చదువుమందు” రని యడిగినచో ఏ యిరువదింటిని చెప్పుదురో వానిని చేర్చుడు. వంటలు, యాత్రలు, పుస్తకములు, పిల్లలు అని నాలుగైదు శీర్షికల క్రింద విభజించి, టపా పేరునకు లింకు నిచ్చి, ప్రక్కన అందేమున్నదో ఐదాఱు మాటలలో తెలుపుడు. ‘ఒక సాయంకాలము’ అను పేరు చదువరికి ఏమియు చెప్పదు. ‘ఒక సాయంకాలము: మా నాయనమ్మ రేడియో ముచ్చట్లు’ అన్నచో చదువబుద్ధి పుట్టును.

ఇక చేయు విధానము. బ్లాగర్ వాడువారు తమ బ్లాగు నిర్వహణ పుటలో ఎడమ ప్రక్క ‘పేజీలు’ అను మాటను నొక్కి, క్రొత్త పేజీ తెఱచి, పేరును విషయమును వ్రాసి ప్రకటింపవలెను. ఇందొక కిటుకు కలదు. పుటకు మొదటనే తెలుగు పేరు పెట్టి ప్రకటించినచో, బ్లాగర్ ఆ తెలుగక్షరములను చిరునామాలోనికి తీసికొనక ‘బ్లాగ్ పేజ్’ అను పొడి పేరును తగిలించును. నాలుగు పుటలు చేసినచో నాలుగింటికిని ఇంచుమించు అదే పేరు, వెనుక అంకెలు మాత్రము మాఱును. కావున మొదట ‘వంటలు’ అను మాటను ఇంగ్లీషు లిపిలో పేరుగ నుంచి ప్రకటించి, పిమ్మట లోనికి పోయి తెలుగు పేరునకు మార్చి మరల భద్రపఱుపవలెను. పేరు మాఱును గాని ఒకమాఱు ఏర్పడిన చిరునామా మాఱదు. చెల్లెలికి ఫోనులో నోటితో చెప్పుటకు గూడ అట్టి చిరునామా యనువుగ నుండును.

పిదప ‘లేఅవుట్’ అను చోటికి పోయి, శీర్షిక క్రిందనో ప్రక్కనో గాడ్జెట్టును చేర్చు మాటను నొక్కి, వచ్చిన పట్టికలో ‘పేజీలు’ అను దానిని ఎన్నుకొనవలెను. మీరు చేసిన పుటల పేర్లు అందు కనబడును. కావలసినవానికి గుఱుతు పెట్టి, వరుస సరిచేసి భద్రపఱచినచో బ్లాగులోని ప్రతి టపా పైనను ఆ పేర్ల వరుస నిలుచును. కొన్ని అలంకరణలలో ఈ గాడ్జెట్టు ముందే యుండును. దానిని కనబడునట్లు చేయుట చాలును. ఇదే గాడ్జెట్టులో బయటి లింకు చేర్చు వీలుగూడ నున్నది. ఒక లేబులు యొక్క చిరునామాను అందు చేర్చి, ‘పుస్తకములు’ వంటి విభాగమునకు గూడ దారి వేయవచ్చును.

వర్డ్‌ప్రెస్‌లోను ‘పేజీలు’ అను పేరుతోనే పుట చేయుట మొదలగును. అచ్చట ఒక పుట క్రింద మఱియొక పుటను, తల్లి క్రింద పిల్లవలె, అమర్చుకొనవచ్చును: ‘ఊరగాయలు’ తల్లి, ‘ఆవకాయ’, ‘మాగాయ’, ‘చింతకాయ’ పిల్లలు. దారుల వరుసను పాత తరహా అలంకరణలలో ‘మెనూలు’ అనుచోట కూర్చవలెను. 2022 జనవరిలో వచ్చిన 5.9 కూర్పునుండి వాడుకకు వచ్చిన క్రొత్త తరహా అలంకరణలలో ‘నావిగేషన్’ అను బ్లాకు ఆ పనికి ఏర్పడియున్నది. ఇంకొక సౌకర్యము కూడ కలదు. చదువు అమరికలలో నొక నిలుకడ పుటనే వాకిటి పుటగా నిలిపి, టపాలకు వేఱు పుట నియమింపవచ్చును. వ్రాయుట తగ్గించి, వ్రాసినవానిని భద్రముగ నుంచదలచిన వారికి ఇది మిక్కిలి తగినది.

దారుల వరుస కూర్చుటలో కొన్ని మర్యాదలున్నవి. పేర్లు అయిదాఱు మించకుండుట మేలు. వంటయింట ఇరువది డబ్బాలు ఒకే యరలో పేర్చినచో జీలకఱ్ఱ దొరకునా? పేరు చూడగానే అర్థము కావలెను. ‘రుచుల పూదోట’ వినుటకు ఇంపుగ నుండును గాని, తొందరలో నున్న గృహిణి వెదకునది ‘వంటలు’ అను మాటనే. అందఱును చూడవలసిన దానిని ముందుంచుడు. నేడు పలువురు ఫోనులోనే చదువుచున్నారు. అచ్చట తావు చాలక ఈ వరుస యంతయు మూడు గీతల గుఱుతు వెనుక దాగుట తఱచు. ఆ గుఱుతును ఎఱుగనివారు పెక్కురు. అందువలన ప్రతి టపా చివరను ‘మా విషయసూచిక’ యని ఒక లింకు చేర్చుట మంచిది. నడుమ దిగిన యతిథికి వెడలబోవు వేళ కనబడు దారి యదియే.

పాత టపాలోని విషయమును పుటగా మార్చునపుడు ఆ టపాను తీసివేయరాదు. దాని చిరునామాను ఎందఱో తమ వ్రాతలలో ఉదాహరించి యుందురు. చదువరులు వ్రాసిన వ్యాఖ్యలును అచ్చటనే యున్నవి. తీసివేసినచో ఆ దారులన్నియు గోడకు తగులును, ఆ మాటలన్నియు పోవును. టపాను అట్లే యుంచి, దాని మొదట ‘ఈ కొలతల సరిచూచిన పట్టిక ఇచ్చట నున్నది’ యని క్రొత్త పుటకు లింకు నిచ్చిన చాలును.

అంతయు ముగిసిన పిమ్మట ఒక పరీక్ష చేయుడు. మీ యత్తగారికో, ఆడుబిడ్డకో ఫోను నిచ్చి, “మన మాగాయ కొలత లిందెక్కడ నున్నవో చూడు” డని చెప్పి, మీరు నోరు మెదపక ప్రక్కన కూర్చుండుడు. వారి వ్రేలు ఎచ్చట తడబడునో అచ్చట మీ దారి సరిగా లేదని యర్థము. వారికి తెలియలేదని నవ్వవలదు; పేరు మార్చుడు, వరుస మార్చుడు. ఇంటి కోడలికి అన్నియు నెక్కడెక్కడ నున్నవో కన్నులు మూసికొన్నను తెలియును. చుట్టమునకు తెలియదు. దారులు చుట్టము కొఱకు వేయునవి.

నిలుకడ పుట యని పేరున్నంత మాత్రమున ఒకమాఱు వ్రాసి మఱచుటకు వీలులేదు. ఉగాదికి ఇల్లు దులుపుకొన్నట్లు ఏడాదికి రెండు మూడు మాఱులైన విషయసూచికను చూచి, క్రొత్త టపాలలో మేలైనవానిని చేర్చి, చెడిన లింకులను సరిచేయవలెను. పుట చివర ‘కడపట దిద్దిన తేది’ యని వ్రాసినచో చదువరికి నమ్మకము కలుగును. అపుడే బ్లాగు నంతయు నకలు తీసికొని ఇంట భద్రపఱచుకొనుడు. బ్లాగర్‌లోను వర్డ్‌ప్రెస్‌లోను అందుల కేర్పాటున్నది. వ్రాతలు ఆ నకలులో వచ్చును. చిత్రములను మాత్రము వేఱుగ దాచుకొనవలెను.

ఇదంతయు ఒక్కనాట కావలెనని మేము చెప్పము. ఈ మాసమున ఒక మధ్యాహ్నము తీరిక చేసికొని, మీ టపాలలో నేటికిని విలువగల పదింటిని ఏరి, పది లింకులతో ఒక విషయసూచిక చేసి, దానికి పైన నొక దారి వేయుడు. పచ్చడి కొఱకు వచ్చిన యెవరో యొక యమ్మాయి, ఆ దారి పట్టి పోయి, పండ్రెండేండ్ల క్రింద మీరు వ్రాసిన మీ యమ్మమ్మ మాటను చదివి, తన యమ్మమ్మను తలచుకొని యొక వ్యాఖ్య వ్రాయవచ్చును. ఆ వ్యాఖ్య వచ్చిననాడు మీ పాత వ్రాత మరల క్రొత్తదగును.